మా పోలీసు తాతగారు



అన్నము తినక మారాము చేయు బిడ్డను లొంగదీయుటకు మన యిండ్లలో అనాదిగా రెండే యుపాయములు గలవు. ఒకటి బూచివాడు, రెండవది పోలీసువాడు. మా తల్లిగారి పుట్టింట ఈ రెండవ యుపాయము పారలేదు. ఆ పోలీసువాడు గోడకు చేరగిలబడి ఆ బిడ్డల ప్రక్కనే జొన్నరొట్టె తినుచుండెను గదా! అందుచేత మా అవ్వ “అదిగో, అయివారు వస్తాండాడు” అని బెదరించెడిదట. ఆ యింటి మనుమరాలనగు నేను తుద కొక యయ్యవారినే పెండ్లాడితిని. పురాకృత మనగా నిదియే కాబోలు.

గత మాసమున ఈ పుటలో వేసవి వడియములను గూర్చి వ్రాసితిని. దానికి వచ్చిన యుత్తరములలో ఒకటి వడియముల ఊసే యెత్తక వేరొక కష్టమును చెప్పుకొన్నది. ఆ సోదరి మామగారు ఉద్యోగము విరమించి యింటికి వచ్చిరట. ముప్పదియేండ్లు ఆజ్ఞ లిచ్చిన నోరు ఊరకుండుట లేదు. ఉప్పుడబ్బా యెక్కడ నుండవలెనో మొదలుకొని పాలవాని లెక్కవరకు అన్నింట ఆయన జోక్యమే. “ఆయనకు ప్రొద్దు పోవుట లేదు, మాకు ప్రాణము పోవుచున్నది, ఏమి చేయుదుము?” అని ఆమె ప్రశ్న. ఉపదేశము చేయుటకు నాకు వయస్సు చాలదు. ముప్పది దాటి యింకను నాలుగేండ్లే యైనది. అయినను, ముప్పదియైదేండ్లు ఖాకీ తొడిగి పిమ్మట ముప్పదియేండ్లు ఇంటనున్న మనిషి యొకరిని నే నెరుగుదును. మా మాతామహులను గూర్చి చెప్పెదను. అందు ఆ సోదరికి పనికివచ్చున దేమైన నున్న గ్రహించుకొనును గాక.

తాతగారు 1927లో కుందూనది యొడ్డున, కోవెలకుంట్ల ప్రాంతమందలి యొక పల్లెలో జన్మించిరి. నల్లరేగడి నేల. వాన కురిసిన జొన్న, ప్రత్తి, శనగ, కురియకున్న అప్పు. ఎనిమిదవ తరగతితో చదువు నిలిచినది. 1948లో కర్నూలు పోలీసు మైదానమున ఎత్తును ఛాతిని కొలిచి ఆయనను కానిస్టేబులుగా చేర్చుకొనిరి. అప్పటికి మన జిల్లాలు మద్రాసు పాలనలో నుండెను. పోలీసు శాఖకు ఆధారమైన చట్టము 1859 నాటిది. దొరలు తమ యేలుబడి నిలుపుకొనుటకు చేసికొన్నదే కాని జనులకు మేలుచేయుటకు చేసినది కాదు. స్వరాజ్యము వచ్చిన మరుసటి యేడు చేరిన కుర్రవానికి ఆ పాత చట్టము, పాత లాఠీ, పాత తిట్లే చేతికి వచ్చెను. ఎనిమిదవ తరగతి వానికి హెడ్డు కానిస్టేబులు పదవియే గొప్ప. పరీక్షలు వ్రాసి, మెట్టుమెట్టుగా పైకి వచ్చి, సబిన్‌స్పెక్టరై విరమించిరి.

మా అవ్వకు 1950లో పదునైదవయేట వివాహమైనది. ఆమె సంసారము ఆరంభమైనది గంజితోనని ఆమె చెప్పును. వారానికి రెండు జతల ఖాకీ బట్టలకు గంజి పెట్టి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో మడత విరుగకుండ దిద్దవలెను. నాడు కానిస్టేబులునకు పొట్టి లాగు, కాళ్లకు పట్టీలు, నడుమున ఇత్తడి బిళ్లగల బెల్టు. ఆ బిళ్లను చింతపండుతో తోమి, బూడిదతో రుద్ది, తన ముఖము అందు కనబడువరకు విడిచెడిది కాదట. “కవాతులో ఆయప్పను మెచ్చుకొనిరి, బిళ్లను తోమినదాన్ని ఎవరు మెచ్చినారు?” అని యిప్పటికిని అడుగును. ఈ ప్రశ్నకు ప్రభుత్వమువారు ఏనాడును బదులు చెప్పియుండలేదు.

1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని యైనది. నెహ్రూగారు వచ్చి ప్రారంభము చేసిరి. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. కచేరీలకు కట్టడములు చాలక గుడారములు వేసిరి. తాతగారు ఆ గుడారములకు కావలి. రాజధాని గాంచిన గర్వము ఒక వైపు, దుమ్ము ఒక వైపు. ఆ దుమ్మును ఉతికినది మాత్రము అవ్వ. 1954 నవంబరులో మద్యనిషేధ విషయమున ఒక్క ఓటు తేడాతో పంతులుగారి ప్రభుత్వము పడిపోయెను. కడప జిల్లాలో మద్యనిషేధము 1938 నుండియే తెలిసిన సంగతి. సారాకుండలు పగులగొట్టుట పోలీసువారికి నిత్యకృత్యము. పగులగొట్టి యింటికి వచ్చినవారి బట్టల నుండి పులిసిన బెల్లపు వాసన పోదని, ఆ దినములలో ఇరుగుపొరుగువారు తాతగారినే అనుమానించిరని చెప్పి అవ్వ నవ్వును. 1956 నవంబరులో రాజధాని హైదరాబాదునకు తరలిపోయెను. గుడారములు విప్పిరి. మా వారికి బదిలీ వచ్చెను.

అది మొదలు ఇరువదియేడేండ్లలో పదునాలుగు ఇండ్లు. ఆత్మకూరు, ఆళ్లగడ్డ, జమ్మలమడుగు, మైదుకూరు, బద్వేలు, మరల నందికొట్కూరు. ఒక యూర వానకాలము చూచినవారు ఆ యూర వేసవి చూచెదమో లేదో తెలియదు. కడప బండలు పరచి, బండలే కప్పిన రెండు గదుల క్వార్టర్సు. ఎండకాలమున రాత్రి పది దాటినను ఆ బండలు పొయ్యిమీది పెనము వలె నుండును. పిల్లలు ఆరుగురు. సామాను ఒక ఎద్దుబండి. ఒక ట్రంకుపెట్టె, రెండు ఊరగాయ జాడీలు, రాగి అండా. రోలును మాత్రము మోయలేదు. పోవునపుడు తన రోలును తరువాత వచ్చు పోలీసు భార్యకు విడిచి పోవుట, క్రొత్త యూర తనకు ముందున్నామె విడిచిన రోటిలో ఊరిబిండి నూరుకొనుట. ఎవరును చెప్పకయే ఆ ఆడువారిలో నిలిచిన యాచారమిది. రోటి గుంత లోతును బట్టి ఆ యింట ఎందరు పిల్లలున్న సంసారము గడచెనో చెప్పగలనని అవ్వ యనును.

ఈ పదునాలుగు ఇండ్లలో తాతగారు ఏ బిడ్డ ఏ తరగతిలో నున్నదో ఎరిగియుండలేదు. ఇది నింద కాదు. ఆయనయే ఒప్పుకొన్న మాట. శివరాత్రికి శ్రీశైలము బందోబస్తు. నాగలూటి, పెచ్చెర్వు దారిని నల్లమల నడుమ నడచివచ్చు భక్తులకు కావలిగా పదిదినములు. ఎన్నికలు వచ్చిన ఒక నెల. ఎక్కడనో నాటుబాంబు పేలిన, ఆ యూర పికెటు ఎన్నాళ్లో దేవునికే యెరుక. రెండవ పెద్దమ్మ పుట్టినప్పుడు ఆయన పికెటులో నుండి పదునొకండవ దినమున వచ్చి బిడ్డను చూచిరి. ఉగ్రస్వభావులు కూడను. తలుపు గొళ్లెము శబ్దమును బట్టియే ఈ దినము మాటలాడవచ్చునో లేదో పిల్లలు గ్రహించెడివారట. ఆయనను దేవునిగా చేసి వ్రాయుట నా కిష్టము లేదు, ఆయనకును ఇష్టముండదు.

కాని ఆ కోపమునకొక చోట మేలైన రూపముండెను. ఇంట పిల్లలెవరైనను ఒకరినొకరు “కేడీ” యని తిట్టుకొన్న చెంప పగులును. ఈ మాట మనమందరమును ఆడుదుము. దాని పుట్టుక మనకు తెలియదు. పూర్వ నేరస్థుల పేరు లెక్కించి ఠాణాలో ఉంచు చిట్టా నుండి ఇది వీధికి వచ్చినది. అంతకంటె ఘోరము 1871 నాటి నేరజాతుల చట్టము. మన ప్రాంతమున ఎరుకలవారు మొదలైన కొన్ని కులములవారిని పుట్టుకతోనే దొంగలని చట్టమే వ్రాసిపెట్టెను. కర్నూలు జిల్లా సిద్ధాపురమున అట్టివారి కొక సెటిల్‌మెంటు కూడ నుండెను. మద్రాసు రాష్ట్రమున ఆ చట్టమును 1947లో తీసివేసిరి. దేశమంతట 1952 ఆగస్టు 31న తీసివేసిరి. చట్టము పోయినను, తాతగారు చేరిన క్రొత్తలో ముసలి హెడ్డు కానిస్టేబుళ్లు అలవాటు చొప్పున రాత్రివేళ ఆ గుడిసెల తలుపులు తట్టి తలలు లెక్కించుచునే యుండిరట. పాలుత్రాగు బిడ్డను కూడ దీపము పట్టి లెక్కించుట ఆయన కన్నులార చూచిరి. అందుచేత ఆ మాట ఆ యింట నిషిద్ధము.

1981 సంగతి యొకటి చెప్పవలెను. శ్రీశైలము ఆనకట్టకు 1963 జూలై 24న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. జలాశయము నిండుటకు ముందు, 1981లో, కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో వందకు దగ్గరగా గ్రామములను ఖాళీ చేయించిరి. తాతగారు ఆ పనిలో నుండిరి. దానిని గూర్చి ఆయన ఇంట ఎన్నడును మాటలాడలేదు. నేను పదియేండ్ల పిల్లనైనప్పుడు, వేసవిలో నీరు తీసిన తరువాత సంగమేశ్వరము చూచుటకు మమ్ము తీసికొనిపోయిరి. ఆ గుడి ఏడాదిలో ఎన్నో నెలలు నీటిలోనుండి ఎండకాలమున బయటపడును. గుడి చూచి తిరిగి వచ్చుచు ఆయన దారిలో ఒక పాడుపడిన ఊరి పునాదుల యొద్ద నిలిచిరి. ఎండిన బురద నెరవిచ్చియుండెను. ఒక చోట మూడు రాళ్ల పొయ్యి ఇంకను అట్లే యుండెను. “ఒక ముసలామె రొట్టె కాలేదాకా ఉండు నాయనా అనె. ఉంటిని. పొయ్యి ఆరేదాకా లేయనంటె. అదీ ఉంటిని. పైనోళ్లు తిట్టిరి” అని చెప్పి, మాకంటె ముందు నడచిపోయిరి. ఆ పొయ్యి ఆమెదియేనా యని నే నడుగలేదు.

1983 ఫిబ్రవరిలో రాష్ట్రమందలి ఉద్యోగుల విరమణ వయస్సు 58 నుండి 55కు దిగినది. అప్పటికే 55 నిండినవారందరు ఫిబ్రవరి 28వ తేదీతో దిగిపోవలసి వచ్చెను. తరువాత ఆ వయస్సు మరల 58 యైనది, 2014లో 60, 2022లో 62 యైనది. తాతగారి పాలికి మాత్రము ఆ 28వ తేదీ వచ్చి కూర్చుండెను. ఇంకను మూడేండ్లు జీతమున్నదని లెక్కవేసికొన్న యింట, పెండ్లి కావలసిన కూతుళ్లు ఇద్దరు. అందొకతె నా తల్లి. ఆ రాత్రి ఆయన ఇంటికి వచ్చి బెల్టు విప్పి చిలుక కొయ్యకు తగిలించి, “రేపట్నుంచి బిళ్ల తోమేపని లేదులే” అనిరట. అవ్వ మారుమాట పలుకక అన్నము వడ్డించెను.

పింఛను కాగితములకు భార్యాభర్తల జంట ఫోటో కావలెనని చెప్పిరి. ముప్పదిమూడేండ్ల కాపురములో వారిద్దరు కలిసి ఫోటో తీయించుకొని యుండలేదు. నంద్యాల పటముల దుకాణమున ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టిన, అవ్వ సిగ్గుతో కుర్చీ యంచునకు జరిగినది. తాతగారు కవాతులో నిలిచినట్లు ఛాతి విరిచిరి. ఆ ఫోటో ప్రతి యొకటి మా యింటనున్నది. మా వారు దానిని చూచినప్పుడెల్ల, “ఈ యిద్దరిలో ముద్దాయి యెవరు?” అందురు.

ఇక ఉత్తరము వ్రాసిన సోదరి ప్రశ్నకు వత్తును. మా తాతగారును మొదటి యారు నెలలు ఉప్పుడబ్బా జోలికి పోయినవారే. నంద్యాలలో చిన్న యిల్లు తీసికొని కాపురముండిరి. ఉదయము ఐదింటికే లేచి, అందరిని హాజరు పిలిచినట్లు లేపెడివారు. కూరగాయల యంగడివాని తూకమును విచారించి, వానిచే వాఙ్మూలము తీసికొన్నంత పని చేసెడివారు. అవ్వ ఒకనాడు వంటయింటి గడప మీద కూర్చుండి శాంతముగ ఇట్లు చెప్పెనట: “ఏమయ్యా, నీ స్టేషన్లోకి నేనెప్పుడన్నా వచ్చి రికార్డులు సర్దినానా?” ఆయన చాలసేపు ఆలోచించిరి. మరునాటి నుండి నీళ్లు తోడుట, మనుమరాండ్రకు జడలు వేయుట, ఈ రెండును తన శాఖలుగా తీసికొనిరి. జడ గట్టిగా, నిట్టనిలువుగా, లాఠీవలె వేసెడివారు. బడిలో నన్ను చూచి అందరును నవ్వెడివారు. జడ మాత్రము సాయంకాలము వరకు వెండ్రుకైన చెదరలేదు.

సాయంకాలము భారతము చదువుట మా యిద్దరి పని. నాకు బడిచదువు కొంచెమే. మా అమ్మ నాకు అమరమును, కవిత్రయ భారతమును ఇంటనే చెప్పినది. ఆయనకు పద్యము అర్థమగుట కష్టము. నేను చదివి తాత్పర్యము చెప్పెడిదానను. సభాపర్వము వచ్చినది. ద్రౌపదిని సభకు ఈడ్చితెచ్చిన ఘట్టము. ఆమె అడిగిన ప్రశ్నకు పెద్దలు బదులు చెప్పక తలలు వంచుకొనిరని నేను చెప్పగా, ఆయన చేయి యెత్తి నన్నాపిరి.

“ఎంతమంది ఉండిరి సభలో?”

“వందలకొలది, తాతా.”

“నోరు తెరిచినోడు?”

“వికర్ణుడొక్కడే.”

“మన పక్కే ఈ కథ జరిగినట్లుండాదే” అనిరి. లోపలి నుండి అవ్వ, “ఆ వికర్ణుడు గూడా కోర్టుకు పోయేనాటికి అడ్డం తిరిగింటాడులే” అనెను. ఇద్దరును నవ్విరి. తరువాత నవ్వు మాని, ఆయన ఈ క్రింది సంగతి చెప్పిరి.

జమ్మలమడుగు దిక్కున ఒక యూర పట్టపగలు రచ్చకట్ట యొద్ద ఒక మనిషిని నరికి చంపిరి. రెండు వర్గముల పాత కక్ష. కట్ట మీద ముప్పదిమంది యుండిరి. ఒక్కరును చూచినట్లు చెప్పలేదు. ఒకడు నిద్రలో నుంటిననెను, ఒకడు ఎద్దులను తోలుకొని పోతిననెను. మన సీమలో ఇది క్రొత్త కాదు. చెప్పినవాని చేను తగులబడును, గడ్డివాము తగులబడును, తుదకు వాడే తగులబడును. చెప్పినది ఒక యాడుది. హతుని భార్యయు కాదు, చుట్టమును కాదు. చంపినవారిలో నొకనికి స్వయముగ వదిన. నీళ్లబిందెతో వచ్చుచు చూచినది. “చూసినా. ఎందుకు చూడలేదని చెప్పాల?” అని ఆమె మాట.

అటుపిమ్మట ఆమెకు ఆ యూర నిలువ నీడ లేకపోయెను. పుట్టింటివారు రానీయలేదు. సెషన్సు కోర్టులో విచారణ కడపలో. అంతకు నాలుగు దినముల ముందు చీకటి పడినవేళ ఆమె బిడ్డను చంకనిడికొని తాతగారి క్వార్టర్సు వాకిట నిలిచినది. తాతగారు గుండె జల్లుమన్నదని చెప్పిరి. సాక్షి పోలీసు ఇంట భోజనము చేసినదని తెలిసిన, ఎదుటి వకీలు “పోలీసులే పలుకులు నేర్పి తెచ్చిరి” అనును, కేసు నీళ్లపాలు. ఆమెను లోనికి రానీయవద్దని ఆయన అవ్వతో చెప్పిరి. అవ్వ అప్పటికే ఆకు వేసినది. “ఈ అన్నం సాక్షికి గాదు, చంటిబిడ్డ తల్లికి. నీ కేసు నువ్వు చూసుకో” అనెను. ఆయన ఆ నాలుగు రాత్రులును ఠాణాలోనే పండుకొని, ఆ స్త్రీతో ఒక్కమాటయు ఆడలేదు. కోర్టులో ఆ ప్రశ్న రానేవచ్చెను. “ఎక్కడ తిన్నావు?” అని వకీలు అడిగిన, ఆమె ఉన్నదున్నట్లు చెప్పెను. “ఇన్‌స్పెక్టరు ఏమి చెప్పెను?” అనిన, “ఆయప్ప నన్ను ఇంట్లోకి రానియ్యొద్దన్యాడు. ఆయమ్మే పెట్టింది” అనెను. జడ్జిగారు ఒక్కసారి కన్నులెత్తి తాతగారి వంక చూచిరట. ఇద్దరికి శిక్ష పడినది, మిగిలినవారు విడుదలైరి. ఆమె పొరుగు తాలూకాకు పోయి కూలి చేసికొని బ్రదికెను. ఊరికి మాత్రము మరల పోలేదు. ఈ సంగతి చెప్పునపుడెల్ల తాతగారు “మీ అవ్వ వల్ల కేసు పొయ్యేది” యనుటయు, “నా వల్లే నిలిచింది” యని అవ్వ యనుటయు మామూలు. ఆ తగవులో తీర్పు నేటికిని రాలేదు.

1996 డిసెంబరు 18న సుప్రీం కోర్టువారు డి.కె. బసు కేసులో తీర్పు చెప్పిరి. అరెస్టు చేయునప్పుడు కాగితము వ్రాసి ఇంటివారిచేతనో, ఊరి గౌరవస్థునిచేతనో సంతకము చేయింపవలెను. పట్టుబడిన వాని బంధువునకు కబురు పంపవలెను. నిర్బంధమున నుండగా 48 గంటల కొకసారి వైద్యుడు చూడవలెను. ఇట్టివి పదునొకండు నిబంధనలు. తాతగారు పత్రికలో వచ్చిన ఆ భాగమును కత్తిరించి పంచాంగములో దాచుకొనిరి. నాకు పదునారవ యేట అది కంటబడినది. అందలి సంగతులు చదివి, ఆయన ముఖము చూడకయే అడిగితిని.

“మీరు కొట్టినారా తాతా?”

“కొట్టినా.”

“తప్పు చేసినోళ్లనే గదా?”

“అదెట్ల తెలుస్తాది పాపా? కొట్టినాక అందరూ ఒప్పుకొంటారు.”

అంతకు మించి ఆయన చెప్పలేదు. తన తరమువారు అట్లే నేర్చుకొనిరనియు అనలేదు, పైవారి యాజ్ఞ యనియు అనలేదు. నేను ఆ దినము భారతము చదువలేదు. ఆయనయు చదువు మనలేదు. తమ యిండ్లలో పెద్దలను ఇట్టి ప్రశ్నలడుగరాదని కొందరు సోదరీమణులు తలంతురు. నేను అట్లు తలపను. అడిగినందుచేత ఆయన యందు నాకు గౌరవము తగ్గలేదు. కాని అది మునుపటి గౌరవమును కాదు.

ఆ కత్తిరింపు ఊరకే దాచుకొన్నది కాదు. మా వీధిలో స్త్రీలకు ఏ ఆపద వచ్చినను తాతగారి వేపచెట్టు క్రిందికే వచ్చెడివారు. ఆయన చెప్పిన మాటలు మీకును పనికివచ్చును గనుక వ్రాయుచున్నాను. సాక్షిగా విచారింపవలెనన్న స్త్రీని ఠాణాకు రమ్మనరాదు. ఆమె యుండు చోటికే వారు రావలెను. ఫిర్యాదు నమోదు చేసిన మీదట దాని నకలును రుసుము లేకుండ ఇయ్యవలెను. పట్టుకొనిపోయిన వానిని, ప్రయాణకాలము గాక, 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట, ప్రొద్దు పొడవకమునుపు స్త్రీని అరెస్టు చేయరాదు. తప్పని పక్షమున మేజిస్ట్రేటు అనుమతితో మహిళాధికారియే చేయవలెను. ఈ కడపటిది 2006 నుండి అమలులోనికి వచ్చినది. వచ్చిన నాడే తాతగారు వీధిలో ఇంటింటికి చెప్పివచ్చిరి. 2024 జూలై 1 నుండి పాత నేరవిచారణ స్మృతికి మారుగా భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చినది. ఈ రక్షణలు అందును నిలిచియున్నవి. “నువ్వు చట్టం చెప్పినావంటే వాళ్లకు కోపం వస్తాది. నవ్వుతా చెప్పు. కానీ చెప్పు” అని ఆయన స్త్రీలకు చెప్పెడివారు. కొందరు కుర్ర సబిన్‌స్పెక్టర్లకు ఈయన తలనొప్పిగా తోచియుందురు. ఒకరిద్దరు మాత్రము వచ్చి వేపచెట్టు క్రింద కూర్చుండి కాఫీ త్రాగి, సందేహము లడిగి పోయెడివారు.

ఆయన 2013లో, ఎనుబదియారవ యేట, నిద్రలో పోయిరి. పదునొకండవ దినమున, మే మెవ్వరము ఎరుగని యొక నడివయస్సు మనిషి వచ్చి, అవ్వ కాళ్లకు మ్రొక్కి, ఆ నాలుగు రాత్రులు తన తల్లి చంకనున్న బిడ్డను తానేనని చెప్పెను. అవ్వ అతనికి ఆకు వేసినది.

అవ్వకిప్పుడు తొంబదేండ్లు సమీపించినవి. కుటుంబ పింఛను వచ్చుచున్నది. ఏటేట తాను జీవించియున్నట్లు ఆమె ఋజువు చూపవలెను. 2014లో వ్రేలిముద్రతో ఆ ఋజువు నిచ్చు పద్ధతి యొకటి వచ్చినది. అయితే బిళ్లలు తోమి, రోళ్లు త్రిప్పి, గంజి పిండిన ఆ వ్రేళ్లకు గీతలు మిగులలేదు. పదివ్రేళ్లను మార్చిమార్చి పెట్టినను యంత్రము ఆమెను గుర్తింపదయ్యెను. వ్రేలిముద్రలను బట్టి మనిషిని గుర్తించు విద్యకు 1897లో కలకత్తాలో తొలి కార్యాలయము పెట్టిరనియు, దాని కష్టమంతయు పడినవారిలో అజీజుల్ హక్ అను సబిన్‌స్పెక్టరు ఒకడనియు తాతగారు గొప్పగా చెప్పెడివారు. ఎందరి వ్రేళ్లకో సిరా పూసి ముద్రలు తీసిన యింట, ఇల్లాలి ముద్ర ఎవరికిని దొరకకపోయెను.

2021లో ముఖమును చూచి గుర్తించు పద్ధతి వచ్చినది. మొన్న నేను ఫోను పట్టుకొని ఎదుట కూర్చుండి, “అవ్వా, కన్ను ఆర్పు” అంటిని. ఆమె కుర్చీ యంచునకు జరిగి, కొంగు సవరించుకొని, “ఇదన్నా నన్ను ఒంటిగా తీస్తాండారా?” అని అడిగినది.